హీలియం పోరోసిమీటర్: సున్నపురాయి ప్లగ్గులతో ఏళ్ల వాడకం తర్వాత

రాతిలో ఖాళీ ఎంత శాతముందో, అంటే పోరోసిటీని, కొలిచే మెషీన్ ఇది. విశాఖలో దీన్ని కొనేవాళ్లు ముందు ఏసీ సంగతి చూసుకోవాలి. ఇది బాయిల్ సూత్రం (వాయువుకి చోటు పెరిగితే ప్రెషర్ తగ్గుతుంది) మీద నడిచేది. రిఫరెన్స్ సెల్‌లో 100 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర హీలియం నింపి, ప్లగ్ (రాతి నుంచి తీసిన చిన్న స్తంభంలాంటి ముక్క) ఉన్న సెల్‌లోకి వదిలి, ప్రెషర్ ఎంత పడిందో చూసి గ్రెయిన్ వాల్యూమ్ (ఖాళీలు పోను గట్టి రాతి పరిమాణం) లెక్కకడతాం. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కదిలినా ప్రెషర్ 0.3 శాతం పైన మారుతుంది. కరెంటు పోయి వచ్చిన రోజు క్యాలిబ్రేషన్ మళ్లీ మొదటినుంచీ చేసుకోవాల్సిందే. ఏసీ గాలి సెల్ మీదకి కొట్టకూడదు.

సముద్రపు తేమ ఇంకో తలనొప్పి. ఓవెన్ నుంచి తీసిన ప్లగ్ బల్ల మీద చల్లారితే తేమ పీల్చేస్తుంది, డెసికేటర్‌లోనే (తేమ చేరని మూత డబ్బా) చల్లార్చాలి. జిప్సం ఉందని అనుమానముంటే 60 డిగ్రీలు దాటించొద్దు.

రీడింగ్ నిలవకుండా దిగుతుంటే అందరూ ఓ-రింగ్‌నే (సెల్ మూతకి లీకు ఆపే రబ్బరు వలయం) తిడతారు. నిజంగా సందులు మరీ సన్నగా ఉన్న బిగువు రాయైనా అలాగే దిగుతుంది, కానీ కాసేపటికి ఆగుతుంది; లీకైతే ఆగదు. ప్లగ్ తీసి స్టీలు బిళ్ల పెట్టి చూస్తే తేలిపోతుంది. చాలాసార్లు అసలు దొంగ, ఓ-రింగ్ కూర్చునే గాడిలో చిక్కుకున్న సున్నపు పొడే.

దీన్ని నమ్మేది గ్రెయిన్ డెన్సిటీ (ఖాళీలు పోను గట్టి రాతి సాంద్రత, ఘన సెంటీమీటరుకి గ్రాముల్లో) కోసం. సున్నపురాయిలోని ఖనిజం కాల్సైట్ 2.71, డోలమైట్ 2.87 దరిదాపు. శుద్ధ సున్నపురాయికి 2.67 వచ్చిందంటే ప్లగ్ పొడి చేసే ముందు మెథనాల్‌తో ఇంకోసారి కడగండి. కడిగాక పెరిగితే, తగ్గించింది రంధ్రాల్లో మిగిలిపోయిన ఉప్పే. పెరగకపోతే ప్లగ్ చివర కోసిన ముక్కని పొడి కొట్టి కొలవండి, 2.71కి వస్తే హీలియం చేరని మూసుకుపోయిన రంధ్రాలున్నట్టు.

అసలు తప్పు దొర్లేది మెషీన్‌లో కాదు, ప్లగ్ వ్యాసం, పొడవు కొలిచే కాలిపర్ దగ్గర. 38 మిల్లీమీటర్ల వ్యాసంలో 0.1 తేడా వస్తే బల్క్ వాల్యూమ్ (ఖాళీలతో కలిపి ప్లగ్ మొత్తం పరిమాణం) అర శాతం మారుతుంది, 15 శాతం పోరోసిటీ 15.4 అయి కూర్చుంటుంది. పైన బొక్కలున్న ప్లగ్గైతే కాలిపర్ ఆ బొక్కల్ని కూడా పోరోసిటీలో కలిపేస్తుంది. పాదరసంలో ముంచి కొలిస్తే అది బొక్కల్లోకి దూరి బల్క్ తగ్గుతుంది. అలాంటి రాయికి ప్లగ్ కాకుండా, బావి నుంచి తీసిన కోర్ (స్తంభంలాంటి రాయి) పెద్ద ముక్కే కొలవాలి.

అయిదుకి నాలుగు మార్కులు. తగ్గించిన ఒక్కటీ ఎందుకంటే, ఖాళీ ఎంతుందో చెబుతుందే తప్ప సందులు ఎంత సన్నవో చెప్పదు. దానికి పాదరసం ఎక్కించే పద్ధతే దిక్కు. 60,000 పీఎస్‌ఐ దగ్గర 3.6 నానోమీటర్ల వ్యాసం దాకా చూస్తుంది. అక్కడా ఓ మెలిక: పెద్ద బొక్కకి సన్న మెడ ఉంటే మొత్తాన్నీ సన్న రంధ్రాల ఖాతాలోనే రాసేస్తుంది. పాదరసం ఎక్కిన ముక్క మళ్లీ దేనికీ పనికిరాదు కాబట్టి, ప్లగ్ చివర కోసిన ముక్కనే దానికి పంపండి.