టౌన్‌లో తిరగడానికి డీజిల్ చిన్న కారు కొంటున్నారా? ముందు నా బిల్లు చూడండి

ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు కొత్త కారు కోసం షోరూముల చుట్టూ తిరుగుతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా "పాత డీజిల్ కారు బంగారంలా నడిచింది, మళ్ళీ డీజిలే తీసుకుందాం" అనుకునేవాళ్ళు దయచేసి చివరి దాకా చదవండి. నేనూ అచ్చం అలాగే అనుకుని 2022 సంక్రాంతి ముందు కొన్నాను. ఆ ఒక్క నిర్ణయానికి నాకు ఇప్పటిదాకా 81,700 రూపాయలు వదిలింది. కారు తిరిగింది చూస్తే పాతిక వేల కిలోమీటర్లు కూడా లేదు.

ముందు నా పాత కారు సంగతి చెప్పాలి, ఎందుకంటే నన్ను ముంచింది ఆ కారు మీద ఉన్న నమ్మకమే. 2012లో డీజిల్ స్విఫ్ట్ తీసుకున్నాను. అప్పట్లో దానికి నెలల తరబడి వెయిటింగ్. పెట్రోలుకీ డీజిల్‌కీ లీటరు దగ్గర 25 రూపాయల పైనే తేడా ఉండేది, అందరూ డీజిలే అడిగేవాళ్ళు. నాది విత్తనాల కంపెనీలో సేల్స్ ఉద్యోగం. పొద్దున్నే ఒంగోలులో బయల్దేరితే పొదిలి, కనిగిరి, మార్కాపురం, ఒక్కోసారి గిద్దలూరు దాకా. తొమ్మిదేళ్ళలో 2 లక్షల 80 వేల కిలోమీటర్లు తిరిగింది. క్లచ్ రెండుసార్లు మార్చాను, సస్పెన్షన్ పని ఒకసారి చేయించాను. ఇంజిన్ మాత్రం ఒక్కసారి కూడా విప్పలేదు. అలాంటి కారు నడిపినవాడికి డీజిల్ మీద గురి కుదరకుండా ఎలా ఉంటుంది?

2021 చివర్లో ఉద్యోగం మానేసి కర్నూలు రోడ్డులో విత్తనాలు, పురుగుమందుల షాపు పెట్టుకున్నాను. ఇల్లు భాగ్యనగర్‌లో. పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపడం, అక్కడి నుంచి షాపు, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి, మళ్ళీ షాపు. ఏ ట్రిప్పూ నాలుగు కిలోమీటర్లు దాటదు. ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో సగం టైము సెకండ్ గేర్‌లోనే. నెల మొత్తం కలిపినా 500 కిలోమీటర్లు. నా జీవితం మారింది, కారు గురించి నా ఆలోచన మాత్రం మారలేదు.

షోరూములో గంటన్నర కూర్చున్నాను. మైలేజీ చెప్పారు, పికప్ చెప్పారు, రీసేల్ చెప్పారు, టచ్ స్క్రీన్ చూపించారు. "సార్, మీరు రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, ఎక్కడ తిరుగుతారు?" అని మాత్రం ఒక్కళ్ళూ అడగలేదు. ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ రోజు నేను ఇది రాసేవాణ్ణి కాదు. కంపెనీ పేరు రాయడం లేదు. ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ కారుకే ఉన్న జబ్బు కాదు.

విషయం ఏమిటంటే, 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 అని బండ్ల పొగ మీద కొత్త రూలు వచ్చింది. డీజిల్ కారు పొగలో పోయే మసి కిలోమీటరుకి అంతకుముందు 25 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు అన్నది, ఈ రూలుతో 4.5 మిల్లీగ్రాములకు దిగింది. అంత మసిని ఆపాలంటే సైలెన్సర్ దారిలో ఒక ఫిల్టర్ పెట్టాల్సిందే. దాన్నే డీపీఎఫ్ అంటారు. నా పాత స్విఫ్ట్‌లో అది లేదు. కట్టెల పొయ్యి మీద గిన్నెకి మసి పట్టినట్టు, ఈ ఫిల్టర్‌లో రోజూ మసి పేరుకుంటూ ఉంటుంది. కొంత నిండగానే కారు తనంతట తానే దాన్ని కాల్చి బూడిద చేసుకుంటుంది. అలా కాలాలంటే ఫిల్టర్ దగ్గర 600 డిగ్రీల దాకా వేడి కావాలి. ఆ వేడి కోసం ఇంజిన్‌లోకి కొంచెం డీజిల్ అదనంగా చిమ్ముతుంది. హైవే మీద ఒకే స్పీడులో పదిహేను, ఇరవై నిమిషాలు పోతే పని పూర్తవుతుంది.

మరి నాలాగా నాలుగు కిలోమీటర్లకోసారి ఆపేసే బండిలో? కాల్చడం మొదలవుతుంది, ఇల్లు వస్తుంది, తాళం తిప్పేస్తాం. మళ్ళీ మొదలవుతుంది, షాపు వస్తుంది, మళ్ళీ ఆపేస్తాం. మసి అలాగే ఉండిపోతుంది. అదనంగా చిమ్మిన డీజిల్ కాలకుండా సిలిండర్ గోడల మీదుగా జారి కింద ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఈ రెండో సంగతి నాకు కావలిలో తెలిసింది. ఎలా తెలిసిందో చెప్తాను.

2024 మే నెల. నెల్లూరులో మా బావమరిది కొడుకు పెళ్ళి. నేను, మా ఆవిడ, మా అత్తగారు, చిన్నమ్మాయి, వెనక సామాను. అప్పటికి వారం రోజులుగా డాష్‌బోర్డు మీద పసుపు రంగు లైటు ఒకటి వెలుగుతోంది. చిన్న పెట్టెలో చుక్కలు, దానికి అటొక గొట్టం ఇటొక గొట్టం ఉన్నట్టు బొమ్మ. సర్వీసు టైము గుర్తుచేస్తోంది కాబోలు, పెళ్ళయ్యాక చూపిద్దాం అనుకున్నాను. టంగుటూరు టోల్ దాటాం, సింగరాయకొండ దాటాం. ఉలవపాడు దగ్గర రోడ్డు పక్కన మామిడిపళ్ళు పెట్టుకుని కూర్చున్నారు, మా అత్తగారు ఆపమన్నారు. పళ్ళు కొని బయల్దేరాక కారు లాగడం మానేసింది. యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కినా 40 దాటడం లేదు. పసుపు లైటు పక్కన ఇంజిన్ లైటు కూడా వచ్చింది. వెనక నుంచి లారీలు హారన్ కొట్టుకుంటూ మీద మీదకి వస్తున్నాయి. ఆ ఎండలో, కారులో పెద్దావిడని, పిల్లని పెట్టుకుని, ఎడమ అంచున పార్కింగ్ లైట్లు వేసుకుని కావలి దాకా పాకించాను. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

కావలిలో ఒక పెద్ద వయసు మెకానిక్ బానెట్ తీసి ఆయిల్ పుల్ల బయటికి లాగాడు. తుడిచి మళ్ళీ ముంచి చూశాడు. పై గీత దాటి బొటనవేలు మందం పైకి ఉంది ఆయిల్. "ఏందన్నా ఇది, ఇంత ఆయిల్ ఎవరు పోశారు?" అన్నాడు. ఎవరూ పోయలేదన్నాను. రెండు వేళ్ళ మధ్య ఆయిల్ రుద్ది వాసన చూసి, నా ముక్కు దగ్గర కూడా పెట్టాడు. శుద్ధ డీజిల్ వాసన. ఆయిల్ జిగటే లేదు, నీళ్ళలా ఉంది. "ఇంకో వంద కిలోమీటర్లు ఇట్టాగే తోలుంటే ఇంజిన్ బేరింగులు పోయుండేవి. స్టార్ట్ చేయమాక" అన్నాడు. మా వాళ్ళని బస్సెక్కించి, టోయింగ్ బండి మీద కారు నెల్లూరు సర్వీసు సెంటరుకి పంపాను. దానికి 4,500.

సర్వీసు సెంటరులో కంప్యూటర్ తగిలించి, నిలబెట్టిన చోటే మసి కాల్చారు. ఆయిలు, ఆయిల్ ఫిల్టరు మార్చారు. 11,400 బిల్లు. కారు వారంటీలోనే ఉంది కదా అంటే, అడ్వైజర్ మర్యాదగానే చెప్పాడు: "ఇది మీరు నడిపే పద్ధతి వల్ల వచ్చింది సార్, కారు లోపం కాదు, వారంటీలో రాదు. మాన్యువల్‌లో రాసే ఉంది సార్." తీరా చూస్తే నిజంగానే ఉంది. అర పేజీ. కొనేటప్పుడు నా ముందు టచ్ స్క్రీన్‌కి అరగంట కేటాయించిన వాళ్ళు ఈ అర పేజీకి ఒక్క నిమిషం కేటాయించి ఉండాల్సింది. నా కోపమంతా అక్కడే.

నాలుగు నెలలు తిరక్కుండా మళ్ళీ అదే లైటు. ఈసారి ఒంగోలులోనే చూపించాను. కాల్చడానికి రెండుసార్లు ప్రయత్నించి, ఆయిల్ మళ్ళీ మార్చి 6,800 తీసుకున్నారు, ఫలితం లేదు. ఫిల్టర్ మొత్తం మార్చాలి, 1,18,000 అవుతుందని కాగితం చేతికిచ్చారు. ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చి అన్నం కూడా తినబుద్ధి కాలేదు. కంపెనీకి మెయిళ్ళ మీద మెయిళ్ళు పెట్టాను, సర్వీసు బిల్లులన్నీ జతచేశాను. ఏడు వారాల తర్వాత సగం భరిస్తామన్నారు. మిగతా 59 వేలు నేను కట్టాను. మీకు ఇలాంటిది జరిగితే నోటిమాటలతో సరిపెట్టకండి, ప్రతిదీ మెయిల్‌లో పెట్టండి. నాకు ఆ సగమైనా వచ్చింది అందుకే.

ఈ మధ్యలో బయట ఒకాయన ఇంకో దారి చెప్పాడు. ఫిల్టర్ లోపలంతా గుల్ల చేసేసి, కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చి లైటు రాకుండా చేస్తానని, పాతిక వేలు చాలని. దయచేసి ఆ పని చేయించకండి. అది చట్టానికి విరుద్ధం, వారంటీ పోతుంది, మన పిల్లలు పీల్చే గాల్లోకే ఆ మసంతా పోతుంది. సెకండ్ హ్యాండ్ బీఎస్-6 డీజిల్ కొనేవాళ్ళకి ఇక్కడే ఒక మాట. ఇలా గుల్ల చేసిన బండ్లు మార్కెట్లోకి వస్తున్నాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి తిప్పండి. ఫిల్టర్ సరిగా ఉన్న బండి అయితే వేలికి దుమ్ము అంటుతుందేమో గానీ, నల్లటి మసి అంటదు. కాటుకలా నల్లగా అంటిందంటే ఫిల్టర్ తీసేశారు, లేదా పగిలింది. బేరం అక్కడితో ఆపేయండి. ఆయిల్ పుల్ల కూడా తీసి చూడండి, గీత దాటి ఉంటే ఆ బండి టౌన్‌లోనే తిరిగి ఉండొచ్చు. ఢిల్లీ నుంచి వచ్చిన చవక డీజిల్ బండ్ల గురించి కూడా అడుగుతుంటారు. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ మీద పెట్టిన ఆంక్షల వల్లే అవి ఇటు రావడం మొదలైంది. ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీవో ఇచ్చే కాగితం), ఇక్కడ కట్టాల్సిన ట్యాక్సు లెక్క తేలకుండా డబ్బులు ఇవ్వొద్దు.

ఇప్పుడు డబ్బు లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1500 సీసీ లోపు డీజిల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకుముందు సెస్సుతో కలిపి 31 ఉండేది. అందుకే మళ్ళీ అందరూ డీజిల్ వైపు చూస్తున్నారు. కానీ పెట్రోల్ చిన్న కార్లకీ తగ్గిందని మర్చిపోకండి. నేను కొన్నప్పుడు అదే మోడల్ పెట్రోలుకీ డీజిల్‌కీ 1,30,000 తేడా. మన దగ్గర పెట్రోలు 109, డీజిల్ 97 అనుకుందాం. టౌన్‌లో లీటరుకి పెట్రోల్ బండి 15, డీజిల్ 18 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, నా 500 కిలోమీటర్లకి నెలకి మిగిలేది 940 రూపాయలు. ఎక్కువ పెట్టిన 1,30,000 తిరిగి రావడానికి పదకొండున్నరేళ్ళు. అందులో ఫిల్టర్ ఖర్చు లేదు, ఎక్కువ కట్టే ఇన్సూరెన్సు లేదు. ఈ లెక్క నేను కాగితం మీద వేసుకున్నది 59 వేలు కట్టిన రాత్రి. షోరూముకి వెళ్ళే ముందు రోజు రాత్రి వేసుకోవాల్సింది.

డీజిల్ కార్లే చెడ్డవని మాత్రం అననండి, అది అన్యాయం అవుతుంది. మా బావమరిది రొయ్యల మేత కంపెనీలో పనిచేస్తాడు. నెల్లూరు నుంచి ముత్తుకూరు, ఇందుకూరుపేట, అటు కావలి దాకా చెరువులన్నీ తిరుగుతాడు. నెలకి రెండు వేల కిలోమీటర్ల పైమాటే, అందులో సగం హైవే. ఆయనదీ బీఎస్-6 డీజిల్ చిన్న కారే. 85 వేల కిలోమీటర్లు దాటింది, ఆ లైటు ఎలా ఉంటుందో కూడా తెలీదు ఆయనకి. "బావా, నీకు కారు కాదు కావాల్సింది, హైవే" అన్నాడు. ఆయన తిరుగుడికి నెలకి నాలుగు వేలు మిగులుతుంది, మూడేళ్ళ లోపే తేడా డబ్బు వచ్చేసింది. అలాంటి వాళ్ళు ధైర్యంగా కొనండి. బీఎస్-6 రాగానే మారుతి మొత్తం డీజిల్ ఆపేసింది, 2023లో హోండా కూడా అమేజ్ డీజిల్ ఆపేసింది. కాబట్టి ఇప్పుడున్న మోడళ్ళు తక్కువే, అవి మాత్రం మంచి ఇంజిన్లు.

ఇప్పటికే కొనేసి, నాలాగా టౌన్‌లో తిరుగుతున్నవాళ్ళు ఏం చేయాలని అడుగుతారు. ఫిల్టర్ మార్చాక నేను చేసింది చెప్తాను. ప్రతి ఆదివారం పొద్దున్నే త్రోవగుంట దగ్గర హైవే ఎక్కి మద్దిపాడు మీదుగా మేదరమెట్ల దాకా వెళ్ళి వచ్చేవాణ్ణి. అటు టోల్ ఉండదు. 70, 80 స్పీడులో, ఒక గేర్ తక్కువలో. ఇక ఇంటి ముందు ఆపబోతుంటే, న్యూట్రల్‌లో ఎప్పుడూ 800 దగ్గర ఉండే ఆర్‌పీఎం 1000 దగ్గర నిలబడిందా, ముందు ఫ్యాన్ గట్టిగా తిరుగుతోందా, కింద నుంచి కాలిన వాసన వస్తోందా, అప్పుడు తాళం తిప్పకండి. కారు మసి కాల్చుకుంటోందని అర్థం. ఇంకో పది కిలోమీటర్లు తిప్పుకుని రండి. పసుపు లైటు వెలిగిన రోజే హైవే ఎక్కండి, నాలాగా పెళ్ళయ్యాక అనుకోకండి. ఇంకొకటి, ఆయిల్ దగ్గర పిసినారితనం వద్దు. ట్రాక్టర్లకి, లారీలకి పోసే ఆయిల్ పోస్తే దాని బూడిద ఫిల్టర్‌లో చేరుతుంది. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు. మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి, డబ్బా మీద చదివి మరీ.

మళ్ళీ డీజిల్ కొంటారా అని షాపుకొచ్చే రైతులు కూడా అడుగుతున్నారు. నా తిరుగుడికి కొనను. పోయిన వారం ఈ కారు అమ్మేశాను. కొన్నాయన చీమకుర్తి క్వారీలో సూపర్‌వైజర్, అక్కడి నుంచి అద్దంకి, మార్టూరు ఫ్యాక్టరీల దాకా రోజూ వంద కిలోమీటర్లు పైనే తిరుగుతాడు. బిల్లులన్నీ ముందు పెట్టి జరిగిందంతా చెప్పాను. వేలు పెట్టి చూసుకోమని నేనే అన్నాను. గొట్టంలో తిప్పి తీసి చూపించాడు, శుభ్రంగా ఉంది.