పర్సనల్ సేఫ్టీ అలారం, 8 నెలలు వాడాక (3 స్టార్లు)

నా షిఫ్ట్ అయ్యే టైంకే బస్ స్టాప్ పక్కన బార్ మూసేస్తారు, తాగినోళ్లంతా ఒక్కసారే రోడ్డు మీద పడతారు, అందుకే ఈ కీచైన్ అలారం కొన్నా.

ముందు వస్తువు సంగతి. అగ్గిపెట్టెంత ఉంటుంది, పిన్ను లాగితే మోగుతుంది, మళ్లీ గుచ్చేదాకా ఆగదు. డబ్బా మీద 130 డెసిబెల్స్ అని రాసుంది, 120 దగ్గరే చెవులు నొప్పెడతాయి కాబట్టి తక్కువేం కాదు, కానీ ఎంత దూరం నుంచి కొలిచారో రాయలేదు. దూరం రెట్టింపైతే దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, రోడ్డు అవతలికి చేరేసరికి బాగా పల్చబడిపోతుంది. బ్యాగులో పడేస్తే పిన్ను దానంతటదే ఊడొస్తుంది, లిఫ్టులో ఒకసారి మోగింది, అప్పట్నుంచి జేబులో పెట్టుకుని పిన్ను తాడు వేలికి తగిలించుకుంటున్నా.

నిజంగా లాగాల్సొచ్చింది ఒక్కసారే. బాగా తాగున్నోడొకడు బెంచీ మీద నన్ను ఆనుకుని కూర్చున్నాడు, పేరడిగాడు, నేను పలకలేదు, లేచి పక్కకెళ్తే వెనకే వచ్చి నా బ్యాగు పట్టీ పట్టుకున్నాడు. లాగేశా. వాడు భయపడి పారిపోతాడనుకున్నా, నవ్వాడు, ఇంకో అడుగు ముందుకేశాడు! మత్తులో ఉన్నోడికి ఎదురుగా కనపడేదే తప్ప తర్వాత ఏమవుద్దో తట్టదంటారు, ఆ రాత్రి కళ్లారా చూశా. అలాగని తప్పంతా మందు మీదకి నెట్టేసి వాణ్ని వదిలెయ్యను, అంత మత్తులోనూ పక్కనే నిలబడ్డ మగాడి జోలికి మాత్రం పోలేదు.

నన్ను కాపాడింది ఆ మోత విని లేచిన ఒక పెద్దావిడ. గబగబా వచ్చి మా ఇద్దరి మధ్యలో నిలబడి "రామ్మా, నా పక్కన ఉండు" అంది, ఆమెని చూసి ఇంకో ఇద్దరు లేచారు, అప్పుడు వదిలాడు పట్టీ. అంటే ఈ అలారం తాగినోడి మీద పనిచెయ్యదు, చుట్టూ ఉన్నోళ్ల మీద పనిచేస్తుంది, ఎవరూ లేని స్టాపులో దీన్ని నమ్ముకోకండి.

2016లో ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో "ఆస్క్ ఫర్ ఏంజెలా" అని మొదలుపెట్టారు, బార్‌లో ఇబ్బందిగా ఉంటే కౌంటర్ దగ్గరికెళ్లి ఏంజెలా ఉందా అని అడిగితే చాలు, ట్రైనింగ్ ఉన్న స్టాఫ్ అర్థం చేసుకుని బయటపడేస్తారు. మందు అమ్మేవాళ్లకి కూడా బాధ్యత ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది, అన్నీ నా వేలికున్న తాడు మీదే ఎందుకు పెట్టాలి?

ఇంకోటి, ఏ రివ్యూలోనూ రాయరు. ఇయర్‌ఫోన్స్ మానేశా, బార్ ఖాళీ అయ్యే టైం బస్సు వదిలేసి 40 నిమిషాలు ఆఫీసులోనే కూర్చుంటున్నా, ఫోన్ రాకపోయినా మాట్లాడుతున్నట్టు నటిస్తున్నా. "ఏం జరగలేదు కదా" అంటారు ఇంట్లో. రోజూ 40 నిమిషాలు పోతున్నాయి నాకు, తాగేది ఎవరో.

కొనండి, నెలకోసారి మోగించి బ్యాటరీ చూసుకోండి. పిన్ను తాడు ఇంకాస్త పొడుగు ఇచ్చుంటే బాగుండేది, గ్లౌజులేసుకుంటే వేలికి దొరకట్లేదు.