డిజిటల్ రేడియో: జనం అడిగేదాకా ఆగాలా, సర్కారు నెట్టాలా? ఏది మేలు?

కేబుల్ టీవీకి సెట్‌టాప్ బాక్సులు పెట్టమని కోనసీమలో ఎవరూ అర్జీ పెట్టుకోలేదు. 2011లో చట్టం సవరించారు, 2012లో మహానగరాల్లో మొదలెట్టి నాలుగో విడతలో పల్లెలదాకా వచ్చారు. పాత సిగ్నల్ ఆపేసరికి తెర నల్లబడింది, తిట్టుకుంటూనే అందరూ బాక్సు కొన్నారు. శబ్దాన్ని అంకెలుగా మార్చి పంపే డిజిటల్ రేడియోకి కొత్త సెట్టు కావాలి, దానికీ ఇదే మందు పనిచేస్తుందనుకునేవాళ్లున్నారు. పనిచేయదు. కేబుల్‌కి నెలనెలా డబ్బులకి వచ్చే ఆపరేటరున్నాడు, బాక్సు తెచ్చి బిగించేదీ అతనే. రేడియోకి అలాంటి మనిషి లేడు. స్టేషన్ ఆగిపోతే వినేవాడు కొత్త సెట్టు కొనడు, జేబులోని ఫోన్ తీస్తాడు.

సర్కారు నెట్టిన దేశాల్లో నార్వే ముందుంది. డిజిటల్‌లో వినేవాళ్లు సగానికి చేరాలన్న షరతులాంటివి 2011లోనే పెట్టుకుని, అవి తీరాక 2017లో జాతీయ స్టేషన్ల ఎఫ్ఎం ఆపేసింది. చిన్న స్థానిక స్టేషన్లను మాత్రం ఎఫ్ఎంలోనే ఉండనిచ్చింది. స్విట్జర్లాండ్‌లో ప్రభుత్వరంగ ప్రసార సంస్థ 2024 చివర్లో తన ఎఫ్ఎం ఆపేస్తే, శ్రోతల్లో కొంతమంది ఇంకా ఎఫ్ఎంలో ఉన్న వేరే స్టేషన్లకు మళ్లారు. ఒకడే ముందు మానేస్తే నష్టం వాడికే. బ్రిటన్‌లో 1995లో బీబీసీ మొదలుపెడితే డిజిటల్ వినికిడి సగం దాటడానికి 2018 అయింది. అయినా ఎఫ్ఎం ఆపే తేదీ పెట్టలేదు. అమెరికా 2002లో హెచ్‌డీ రేడియో అనే తన డిజిటల్ పద్ధతికి అనుమతిచ్చి మార్కెట్‌కి వదిలేసింది. కార్లలో పాకింది, ఇళ్లలోకి పెద్దగా రాలేదు.

వీటన్నిటికన్నా తెలివైన ఆజ్ఞ యూరోపియన్ యూనియన్‌ది. 2020 డిసెంబర్ నుంచి కొత్త కార్లో రేడియో ఉంటే అది డిజిటల్ కూడా పట్టాలన్నారు. భారం తయారీదారు మీద పడింది, శ్రోత పాత సెట్టు జోలికి ఎవరూ పోలేదు.

మన దగ్గర జరిగింది తలకిందులు. ఆకాశవాణి మీడియం వేవ్‌లో డీఆర్ఎం (డిజిటల్ రేడియో మోండియల్) అనే డిజిటల్ పద్ధతిని ఎంచుకుని దేశమంతా మూడు డజన్ల దాకా ట్రాన్స్‌మిటర్లు పెట్టింది. విజయవాడ 837 కిలోహెర్ట్జ్, 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ ఆ జాబితాలోదే. పట్టే సెట్లు మాత్రం బజార్లోకి పెద్దగా రాలేదు. కారణం లోతైనదేమీ కాదు, లాభం ఎవరిదో చూస్తే చాలు. మామూలు ఏఎం ప్రసారంలో, అంటే పాత మీడియం వేవ్ పద్ధతిలో, శబ్దాన్ని తరంగం మీద పూర్తిగా ఎక్కించినప్పుడు (పూర్తి మాడ్యులేషన్) కూడా మూడింట రెండొంతుల శక్తి ఏ శబ్దమూ మోయని క్యారియర్‌కే పోతుంది. డిజిటల్‌లో ఆ దండగ తగ్గుతుంది, ఒకే చానల్లో రెండు కార్యక్రమాలు పడతాయి. కరెంటు బిల్లు మిగిలేది ప్రసారం చేసేవాడికి, సెట్టు ఖర్చు భరించేది వినేవాడు. ఇక డిమాండ్ ఎక్కడినుంచి వస్తుంది?

కారు సంగతి వేరే. కొన్ని మారుతీ, హ్యుందాయ్ మోడళ్లలో డీఆర్ఎం కంపెనీనుంచే వస్తోంది. తమ బండిలో అది ఉందని చాలామంది ఓనర్లకి తెలియదు.

ప్రైవేటు ఎఫ్ఎం విషయంలో టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 అక్టోబర్‌లో సిఫార్సులిచ్చింది. దేశానికి ఒకే సాంకేతికత ఉండాలి, ఎఫ్ఎం ఆపకుండా దాని పక్కనే అదే కేటాయింపులో డిజిటల్ నడపాలి, మొదట పెద్ద నగరాలు. తెలుగు రాష్ట్రాల్లో ఆ జాబితాలో ఉన్నది హైదరాబాదే. గోదావరి జిల్లాల్లో చాలా పట్టణాలకి ముందుగా రావాల్సింది మామూలు ప్రైవేటు ఎఫ్ఎం. కొత్తగా ప్రైవేటు ఎఫ్ఎం పెట్టడానికి 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఒప్పుకున్న 234 పట్టణాల్లో భీమవరం, ఏలూరు, కాకినాడ ఉన్నాయి. కాబట్టి ఇక్కడ డిజిటల్ అంటే ప్రస్తుతానికి మీడియం వేవే.

మీడియం వేవ్‌కి డెల్టా మంచి నేల. తడి ఒండ్రు, తీరం దగ్గర ఉప్పునీళ్లు. విద్యుత్ వాహకత ఎక్కువ కాబట్టి నేలని అంటుకుని సాగే భూతరంగం దూరం పోతుంది. పగటిపూట విజయవాడ సిగ్నల్ భీమవరం దాటి అమలాపురం వైపు కూడా బాగానే సాగుతుంది. ఇబ్బందల్లా మన దగ్గర పుట్టే గోల. చేపల చెరువు గట్టున నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ మోటార్లు, వాటి స్టార్టర్లు, ఇన్వర్టర్, చవకరకం ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జరు. పాత సెట్టులో ఈ గోల మధ్యా మాట అర్థమవుతుంది. డీఆర్ఎం అలా కాదు. సిగ్నల్ ఒక మట్టానికి పైన ఉన్నంతసేపు తేటగా పలుకుతుంది, దాని కిందకి దిగితే మాట తెగిపోతుంది. రాత్రిపూట దూరపు స్టేషన్లు ఆకాశతరంగంగా, అంటే పై వాతావరణం నుంచి కిందికి తిరిగి, వచ్చి మీద పడతాయి కాబట్టి తెగడం ఎక్కువ.

డీఆర్ఎం సెట్టు కొనాలనుకుంటే ముందు ఒకటి అడిగి తెచ్చుకుని పగలు పరీక్షించండి. సెట్టుని కిటికీ దగ్గర, ఇన్వర్టర్‌కీ చార్జర్‌కీ రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టి 837కి, లేదా దాని పక్కకి తిప్పండి. సెట్టు సిగ్నల్‌ని పట్టుకోవడానికి (లాక్ అవడానికి) కొన్ని సెకన్లు పడుతుంది, వెంటనే పలకలేదని తిప్పేయకండి. లోపల ఏంటెన్నాగా ఉండే ఫెర్రైట్ కడ్డీ విజయవాడ దిక్కుకి అడ్డంగా ఉండాలి, కొన విజయవాడ వైపు ఉంటే సిగ్నల్ పడిపోతుంది. గోల చేసే వస్తువు ఏదో తెలిస్తే కడ్డీ కొన దానివైపు ఉండేలా సర్దండి. అప్పటికీ తెగుతుంటే మెయిన్ ఆపి బ్యాటరీ మీద వినండి. బాగైతే తప్పు మీ ఇంటి వైరింగులోనో, దానికి తగిలించిన వస్తువుల్లోనో ఉంది. డిజిటల్ ప్రసారం ఏ వేళల్లో నడుస్తోందో ఆకాశవాణి కేంద్రంలో అడిగి తెలుసుకున్నాకే డబ్బు పెట్టండి. పాత ట్రాన్సిస్టర్లో 837 పక్కన బుస్సుమనే మోత వస్తే అది డిజిటల్ సిగ్నలే కావచ్చు, సెట్టు పాడైందనుకోవద్దు.

మిగతా దారులతో పోలిస్తే ఎలా? న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి కేంద్రాలు వస్తాయి. సెకనుకు 64 కిలోబిట్ల స్ట్రీమ్ అయితే గంటకు 29 ఎంబీ డేటా. రోజువారీ వినికిడికి డీఆర్ఎం సెట్టు దీన్ని గెలవలేదు, ఒప్పుకోవాల్సిందే. గెలిచే చోటు ఒకటుంది: తుఫాను. కరెంటు పోయి సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోయాక యాప్ మూగబోతుంది, దూరాన ఉన్న ట్రాన్స్‌మిటర్ మాత్రం పలుకుతూనే ఉండొచ్చు. డీఆర్ఎంలో ప్రమాద హెచ్చరికకి ప్రత్యేక ఏర్పాటుంది. హెచ్చరిక వస్తే సెట్టు దానంతటదే ఆ చానల్‌కి మారి, తెరమీద అక్షరాల్లోనూ చూపగలదు. కానీ డిజిటల్ సెట్టు బ్యాటరీని బాగా తాగుతుంది. పాత ట్రాన్సిస్టర్ రెండు సెల్లతో వారాలు లాగుతుంది, ఇది చార్జింగ్‌తో గంటల లెక్కనే నడుస్తుంది. కాబట్టి అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్లలో పాత సెట్టు పారేయడం తెలివితక్కువ పని.

సర్కారు నెట్టాలి, కానీ ఫోన్ తయారీదారునీ కారు కంపెనీనీ నెట్టాలి. ఎఫ్ఎం చిప్ ఉన్న ఫోన్లలో దాన్ని మూసిపెట్టొద్దని 2023లో కేంద్రం సలహా ఇచ్చింది. సలహా సలహాగానే ఉండిపోతుంది, నిబంధన కావాలి. తీరగ్రామాల తుఫాను షెల్టర్లకి ఒక్కో డీఆర్ఎం సెట్టు, సోలార్ చార్జర్ సర్కారే కొని ఇస్తే కంపెనీలకి మొదటి ఆర్డరూ దొరుకుతుంది, ఊరికి సెట్టు ఎలా పలుకుతుందో తెలుస్తుంది. శ్రోతగా మీ వంతు: కొత్త కారు కొంటుంటే డీఆర్ఎం ఉన్న మోడల్ ఏదో డీలర్‌ని అడగండి. ఇంటికి సెట్టు మాత్రం ఇప్పుడే వద్దు, పాత ట్రాన్సిస్టర్‌కి కొత్త సెల్లు వేసి ఉంచుకోండి.