ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్ రివ్యూ: మెకార్థీ పేపర్లు చదివేవాళ్ళు తప్పక వాడాల్సిన సాఫ్ట్‌వేర్

మెషీన్ ఆలోచిస్తుందా లేదా అని గంటలు గంటలు వాదించుకునేవాళ్ళు ఒక్కసారి ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్ వాడి చూడాలని నా గట్టి అభిప్రాయం. ప్రోలాగ్ అంటే ఫ్యాక్ట్‌లూ రూల్సూ రాసిస్తే వాటి నుంచి జవాబు రుజువు చేసి చెప్పే ప్రోగ్రామింగ్ భాష, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఇది. పూర్తిగా ఫ్రీ, ఓపెన్ సోర్స్, యాన్ వీలెమాకర్ అనే ఆయన ఆమ్‌స్టర్‌డామ్‌లో 1987లో మొదలుపెట్టింది, ఇన్‌స్టాల్ చేసే ఓపిక లేకపోతే స్విష్ అని బ్రౌజర్‌లోనే నడిచేది ఉంది, మొదట్లో అది చాలు.

నేను దీని దగ్గరికొచ్చింది జాన్ మెకార్థీ అనే అమెరికన్ కంప్యూటర్ సైంటిస్ట్ పేపర్ల వల్ల. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అన్న పేరు ఆయన ఇంకో ముగ్గురితో కలిసి 1955లో రాసిన రీసెర్చ్ ప్రపోజల్ నుంచే వచ్చింది కానీ ఆయన ధ్యాసంతా వేరే, మామూలు మనిషికుండే ఇంగితజ్ఞానాన్ని లాజిక్‌లో రాసి మెషీన్‌కి ఇవ్వొచ్చా అని. చిక్కేంటంటే మామూలు లాజిక్‌లో ఒకసారి రుజువైందంటే రుజువైనట్టే, ఆ తర్వాత ఎన్ని కొత్త సంగతులు తెలిసినా ఆ మాట మారదు. మనం అలా ఉండం కదా, పక్షి అనగానే ఎగురుతుందనుకుంటాం, అది నిప్పుకోడి అని తెలిస్తే మాట వెనక్కి తీసుకుంటాం. దీనికోసమే ఆయన 1980లో సర్కమ్‌స్క్రిప్షన్ అని ఒక పద్ధతి రాశాడు, ఫలానాది మినహాయింపు అని తేలితే తప్ప మామూలుదే అనుకుని ముందుకెళ్ళడం.

పేపర్లో చదివితే తల తిరుగుతుంది, ఇక్కడ నాలుగు లైన్లు. పక్షి అయ్యుండి, మినహాయింపు అని రుజువు కాకపోతే ఎగురుతుంది అని ఒక రూల్, నిప్పుకోళ్ళు మినహాయింపు అని ఇంకోటి, చిట్టి ఒక పక్షి అని ఒక ఫ్యాక్ట్ (నిప్పుకోడి గురించి ఇంకా ఏ ఫ్యాక్టూ లేదు కాబట్టి దాన్ని ముందే డైనమిక్, అంటే తర్వాత కలపబోయేది, అని డిక్లేర్ చెయ్యండి, లేకపోతే అలాంటి ప్రొసీజరే లేదని ఎర్రర్ కొడుతుంది). చిట్టి ఎగురుతుందా అంటే ట్రూ. చిట్టి నిప్పుకోడి అని ఒక్క లైన్ కలిపి మళ్ళీ అడిగితే ఫాల్స్! ఉన్నదేదీ తీసెయ్యలేదు, కలిపాం అంతే. నిజానికి ఇది అచ్చంగా సర్కమ్‌స్క్రిప్షన్ కాదు, కీత్ క్లార్క్ అనే కంప్యూటర్ సైంటిస్ట్ 1978లో వివరించిన నెగేషన్ యాజ్ ఫెయిల్యూర్, అంటే రుజువు కాకపోతే కాదనే అనుకోవడం, అయినా మెకార్థీ దేనికోసం తపించాడో కళ్ళముందు కనబడుతుంది.

ఇక అసలు జాగ్రత్త పడాల్సింది ఆ ఫాల్స్ దగ్గరే. అది అబద్ధం అని చెప్పట్లేదు, నా దగ్గరున్నవాటితో రుజువు చెయ్యలేకపోయాను అంటోంది అంతే. టైమ్‌టేబుల్లో లేని రైలు లేదనుకోవడం సబబే, కానీ పేషెంట్ రికార్డులో అలర్జీ అని రాయలేదు కాబట్టి అలర్జీ లేదనుకుంటే ప్రాణాల మీదకొస్తుంది. తెలియకపోవడానికీ లేకపోవడానికీ తేడా ఏంటన్న ఫిలాసఫీ ప్రశ్న ఇక్కడ ప్రోగ్రామ్ రాసేవాడి నెత్తినే పడుతుంది, నాకు దీంట్లో అన్నిటికంటే నచ్చింది కూడా అదే. ఆ తేడా విడిగా రాయాలంటే ఎస్‌క్యాస్ప్ అనే ప్యాక్ (పైన అదనంగా కలుపుకునేది) వేసుకోండి, కాదని తెలుసు అన్నదానికీ అవునని తేల్లేదు అన్నదానికీ వేరే వేరే గుర్తులుంటాయి, ఏ జవాబు ఎందుకొచ్చిందో చెట్టులా విప్పి చూపిస్తుంది.

జవాబు కోసం ప్రోలాగ్ వేసే ఒక్కో అడుగునీ చూపించే ట్రేస్ కమాండ్ గురించి కూడా చెప్పాలి. చాట్‌బాట్‌ని ఎందుకలా అన్నావ్ అంటే అది చెప్పే కారణం నిజంగా లోపల జరిగిందే అన్న గ్యారంటీ లేదు, ఇక్కడ ట్రేస్‌లో కనిపించేది అది నిజంగా వేసిన అడుగులే, ఎక్కడ ఫెయిలయ్యి వెనక్కొచ్చిందో సహా.

మైనస్‌లున్నాయి. రూల్ తన్నే తాను ముందుగా పిలుచుకునేలా రాస్తే ఆగకుండా తిరిగి చివరికి స్టాక్ లిమిట్ (దానికిచ్చిన మెమరీ హద్దు) దాటిందని చేతులెత్తేస్తుంది, లాజిక్ ప్రకారం రూల్ కరెక్టే అయినా సరే, కొత్తవాళ్ళు బెదిరిపోయేది ఇక్కడే. వచ్చిన జవాబుల్ని గుర్తుపెట్టుకోమని చెప్పే టేబుల్ అనే డైరెక్టివ్ ఒకటి పెడితే చాలావరకు సర్దుకుంటుంది కానీ ఆ సంగతి మొదటి పాఠంలోనే చెప్పుండాల్సింది. పైగా ప్రపంచం గురించి ప్రతి ముక్కా మనమే రాసివ్వాలి, అది మాత్రం సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, మెకార్థీ దారిలో మొదట్నుంచీ ఉన్న కష్టమే.

5కి 4 ఇస్తా. యాప్‌లు చెయ్యడానికి భాష వెతుక్కునేవాళ్ళకి నేను చెప్పను, రీజనింగ్ అంటే ఏంటో చేసి చూడాలనుకునేవాళ్ళు మాత్రం ఇవాళే స్విష్ ఓపెన్ చెయ్యండి.