పెచ్చులూడే సెకండ్ హ్యాండ్ కారు: కంపెనీని అడగాలా, రంగేయించాలా, వదిలేయాలా?

నెల్లూరు, ఒంగోలు వైపు సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకు మొదటి ఎండాకాలం దాటేసరికి మొదలయ్యే టెన్షన్ ఇది. బానెట్ మీదో టాప్ మీదో పాలు ఒలికినట్టు ఒక మచ్చ కనిపిస్తుంది. తుడిస్తే పోదు, పాలిష్ కొడితే రెండు రోజులు దాక్కుని మళ్లీ వస్తుంది. అంచున గోరు పెడితే పల్చటి పొర లేచి చేతికొస్తుంది. ఆ రోజు నుంచి ఇంటికొచ్చిన ప్రతివాడూ ఒక సలహా ఇస్తాడు.

నా మాట ముందే చెప్పేస్తా. ఇనుము కనపడనంత వరకూ తొందరపడక్కర్లేదు. వేయించాలనుకుంటే పాడైన ప్యానెళ్లు మాత్రమే బయట మంచి పెయింటింగ్ షెడ్డులో వేయించుకోవడం మేలు. కంపెనీ మీద పోరు, ఫుల్ బాడీ పెయింటు, స్టిక్కర్ ర్యాప్... ఈ మూడూ కొందరికే పనికొస్తాయి.

అయితే ఏదైనా చేసే ముందు ఊడుతున్నది ఎవరు వేసిన రంగో తేల్చుకోవాలి. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. ఫ్యాక్టరీలో రేకుకు ముందు ఫాస్ఫేట్ పట్టించి, ఈడీ కోటు అనే విద్యుత్ పూత వేస్తారు. దానిపైన ప్రైమరు, రంగు, చివర మెరుపుకీ రక్షణకీ వేసే రంగులేని పొర, అదే క్లియర్ కోటు. ఇవన్నీ కలిపి మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటాయి. పెయింట్ మందం కొలిచే మీటరు పెడితే ఒక డోరు మీద 120, పక్క డోరు మీద 300 చూపించిందంటే ఆ రెండోదానికి ఎప్పుడో రిపేరు జరిగింది. మీటరు లేకపోయినా తెలుస్తుంది. డోరు రబ్బరు బీడింగ్ కొంచెం లాగి చూడండి, కింద రంగు గీత కట్టి ఆగిపోయి ఉంటుంది. ఫెండర్ బోల్టుల తలల మీద రంగు చెదిరి ఉంటుంది. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం పెడితే పుట్టీ మందంగా ఉన్నచోట సరిగ్గా పట్టదు. ఒక్క డోరే పెచ్చులూడుతోందంటే పాత యాక్సిడెంటు అనుకోండి. బానెట్టు, టాపు, డిక్కీ మూత మూడూ ఒకేసారి మసకబారుతుంటే అది ఎండకు చచ్చిపోయిన క్లియర్ కోటు. పైకి చూసే భాగాలకే ఎండ ఎక్కువ కదా.

కంపెనీని అడిగే దారి ఈ రెండో రకానికే. ఇది గాలిలో మాట కాదు. అమెరికాలో టయోటా తన తెల్లరంగు కార్లు కొన్నిటికి పెయింటు ఊడుతోందని ఒప్పుకుని 2019లో ప్రత్యేక పథకం పెట్టి రంగు వేయించింది. ఎండకు లోపలి పొరల మధ్య పట్టు పోతోందన్నది అక్కడ చెప్పిన కారణం. అది మన దేశపు బండ్లకు వర్తించదు. ఇక్కడ వారంటీ మిగిలి ఉందా అన్నదే అసలు ప్రశ్న. చాలా కంపెనీల వారంటీ బండితో పాటు కొత్త ఓనరుకు వస్తుంది. కాబట్టి రెండు మూడేళ్ల బండైతే ఫొటోలు, ఛాసిస్ నంబరు, సర్వీసు బిల్లులు పెట్టి రాతపూర్వకంగా అడగండి, నోటిమాటతో సర్వీస్ అడ్వైజర్ చుట్టూ తిరగొద్దు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ నెల్లూరులోనూ ఉంది, ఒంగోలులోనూ ఉంది. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. కానీ తయారీ లోపమని నిరూపించే భారం మీ మీదే పడుతుంది, దానికి నిపుణుడి రిపోర్టు కావాలి. ఎనిమిదేళ్ల బండి, ముగ్గురు ఓనర్లు మారిన బండి తీసుకుని ఈ దారిలో వెళ్తే ప్యానెల్ పెయింటుకు అయ్యే డబ్బు పెట్రోలుకే పోతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఎన్నో ఓనరైనా కంపెనీ గుమ్మం తొక్కాల్సిందే. ఎయిర్‌బ్యాగు, ఫ్యూయల్ పంపు, బ్రేకు లాంటి భద్రతా లోపాలు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్ వచ్చింది, మనుషులకు హాని చేసే లోపముంటే బండ్లను వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. పెయింటు ఊడితే ఎవరికీ ప్రాణాపాయం లేదు గనక దానికి అలా వెనక్కి పిలిపించడం, అంటే రీకాల్, రాదు. రీకాల్ ఛాసిస్ నంబరుకు ఉంటుంది, ఓనరు పేరుకు కాదు. కంపెనీ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి చూడండి, ఉంటే ఉచితంగా మారుస్తారు. బానెట్ మీద మచ్చ గురించి నిద్ర మానుకున్నవాళ్లు ఇది చూడనే చూడరు!

ఇక షెడ్డు సంగతి. కంపెనీ వర్క్‌షాపులో బూత్, అంటే రంగు కొట్టే మూసిన గది ఉంటుంది, రంగు వేశాక 60 డిగ్రీల దాకా వేడి పెట్టి ఆరబెడతారు, దుమ్ము పడదు. రేటు ఎక్కువ. బయట ఆటోనగర్‌లో అదే ప్యానెల్ చాలా తక్కువకు అవుతుంది, కానీ ఏ పెయింటు వాడుతున్నారో అడగాలి. హార్డ్‌నర్ (పెయింటును గట్టిపరిచే రసాయనం) కలిపే టూకే పీయూ పెయింటు అయితేనే ఒప్పుకోండి. హార్డ్‌నర్ లేకుండా తిన్నర్ ఆవిరైతేనే ఆరిపోయే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు కొట్టిన రోజు మెరుస్తుంది, మన ఎండకు ఎక్కువ కాలం నిలవదు. లేచిన చోట మాత్రమే టచప్ ఇస్తామంటే వద్దనండి. పాత క్లియర్ అంచు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్ది రుద్ది గోటికి తగలకుండా పోవాలి, ప్యానెల్ మొత్తానికి క్లియర్ పడాలి. లేకపోతే పాత అంచు దగ్గరే మళ్లీ లేస్తుంది. "అన్నా, పని పేపర్‌లోనే ఉంది, గన్నుదేముంది" అని ఒక మేస్త్రి అన్నాడు నాతో. నూటికి నూరుపాళ్లు నిజం. ఆయనే ముక్కుకు తువ్వాలు చుట్టుకుని స్ప్రే గన్ను కొడుతుంటాడు. హార్డ్‌నర్‌లోని ఐసోసయనేట్లు ఆస్తమా తెచ్చిపెడతాయి, తువ్వాలు వాటిని ఆపదు. మంచి మాస్కు ఖర్చు బిల్లులో వేసుకోమని చెప్పడంలో తప్పేం లేదు.

రంగు విషయంలో మామూలు తెలుపు తేలిక. సిల్వర్, మెటాలిక్ గ్రే అయితే పక్క ప్యానెల్‌లోకి కొంచెం కలుపుకుంటూ వేయాలి, లేకపోతే సాయంత్రం ఎండలో డోరు వేరు, ఫెండర్ వేరు. డోరు పిల్లర్ మీదో బానెట్ కిందో ఉండే స్టిక్కర్‌లోని కలర్ కోడ్ చూసి కలిపించండి. ఇంకోటి, మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తేమలో ఆరుబయట గన్ను కొడితే పెయింటు మీద తెల్లటి మసక కట్టే ప్రమాదం ఉంది. సంక్రాంతి దాటాక పెట్టుకోండి. చీమకుర్తి వైపైతే గ్రానైట్ దుమ్ము ఏడాదంతా ఉంటుంది, అక్కడ తలుపులు మూసి కొట్టే షెడ్డే దిక్కు.

ఫుల్ బాడీ ఎందుకు వద్దంటున్నానంటే, బాగున్న ఫ్యాక్టరీ పెయింటును రుద్ది పారేసి దానికంటే తక్కువ రకం వేయించుకోవడమే అది. ఫ్యాక్టరీలో పెయింటును 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు, ప్లాస్టిక్కులు, వైర్లు బిగించేసిన బండికి షెడ్డులో అంత వేడి పెట్టలేరు. పైగా అమ్మేటప్పుడు కొనేవాడు "ఎందుకు వేయించారు, పల్టీ కొట్టిందా?" అని అడుగుతాడు.

ర్యాప్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లేచిపోతున్న క్లియర్ మీద స్టిక్కర్ అతికిస్తే తీసేరోజు మిగిలిన క్లియర్ కూడా దాంతోపాటే వస్తుంది. సిరామిక్ కోటింగ్ అయితే ఊడిన పొరను తిరిగి తేలేదు. ఇన్సూరెన్స్‌లో వేసేద్దామనే ఐడియా కూడా వదిలేయండి. అరుగుదలకు పాలసీ డబ్బు ఇవ్వదు. దొంగ గీత పెట్టి క్లెయిమ్ చేయడం మోసం, పైగా క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, ఎన్‌సీబీ, సున్నాకు పడుతుంది.

వదిలేయడం? క్లియర్ ఒక్కటే పోయి కింద రంగు గట్టిగా ఉంటే బేషుగ్గా వదిలేయొచ్చు. నీడన పెట్టండి, ఉప్పుబోరు నీళ్లతో కడిగితే ఆరకముందే తుడవండి. కానీ రంగు కింద పొక్కు లేచి నొక్కితే టిక్కుమంటే అది తుప్పు. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రపు గాలి తినే బండికి, రొయ్యల చెరువుల మీద రోజూ తిరిగే బండికి అది ఆగదు. వీల్ ఆర్చ్ అంచు, డోరు కింది మడత చూడండి. అక్కడ ఇనుము కనిపిస్తే అదే వారం తుప్పు గీయించి, ఎపాక్సీ ప్రైమరైనా కొట్టించండి. అందం తర్వాత చూసుకోవచ్చు.

రంగే మార్చేద్దామనుకుంటే ఆర్సీలో రంగు కూడా మార్పించాలి, ఆర్టీవో ఆఫీసు పని అది. ఇంకా బండి కొనలేదంటే ఈ గొడవలన్నిటికంటే చౌకైన మందు బేరం. బానెట్, టాప్‌కు షెడ్డులో కొటేషన్ తీసుకుని ఆ కాగితం అమ్మేవాడి ముందు పెట్టండి. "నేనే రంగేయించి ఇస్తాలే" అంటే మాత్రం ఒప్పుకోకండి, వాడు వేయించేది ఎన్‌సీ పెయింటే.