డెనాన్ 3800హెచ్: సినిమాలకి భేష్, పాటలకి మాత్రం పక్కన ఇంకో ఆంప్ ఉండాలి

డెనాన్ ఏవీఆర్-ఎక్స్3800హెచ్ రిసీవర్ (సినిమా శబ్దాన్ని చుట్టూ ఉన్న స్పీకర్లకి పంచేది), యమహా ఏ-ఎస్1200 స్టీరియో ఆంప్ (రెండు స్పీకర్లని మాత్రమే మోగించేది), ముందు కేఈఎఫ్ ఎల్ఎస్50 మెటా స్పీకర్ల జత. విజయవాడ పటమటలో మా హాల్లో ఇదీ సెటప్. రిసీవర్ ఉండగా మళ్లీ ఆంప్ ఎందుకని మా ఇంట్లో అడిగారు, మీ ఇంట్లోనూ అడుగుతారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

డెనాన్‌లో 9 చానళ్లు, ఒక్కోదానికి 105 వాట్లు అని చెబుతారు. షాపులో కుర్రాడు ఆ రెండూ గుణించేసి "945 వాట్లు సార్" అన్నాడు. ఆ 105 అనేది 8 ఓమ్‌ల దగ్గర (ఓమ్‌లంటే స్పీకర్ కరెంటుకి పెట్టే అడ్డు, అది తగ్గేకొద్దీ ఆంప్ ఎక్కువ కరెంటు ఇవ్వాలి), రెండు చానళ్లు మాత్రమే నడుస్తున్నప్పుడు కొలిచిన లెక్క. అన్ని చానళ్లకీ కరెంటు ఇచ్చేది లోపలున్న ఒకే పవర్ సప్లై కాబట్టి, అన్నీ ఒకేసారి గట్టిగా మోగితే ఒక్కోదానికి దక్కేది అంతకంటే తక్కువే. సినిమాలో ఇది పెద్దగా తెలియదు. 80 హెర్ట్జ్ దగ్గర క్రాసోవర్ (అంతకంటే కింది శబ్దాల్ని సబ్‌వూఫర్‌కి మళ్లించే హద్దు) పెడితే బరువైన బేస్ అంతా సబ్‌వూఫర్‌కి వెళ్లిపోతుంది, దానికి సొంత ఆంప్ ఉంటుంది, రిసీవర్‌కి పని తేలికవుతుంది.

చిక్కంతా స్పీకర్లతోనే. ఎల్ఎస్50 మెటా సెన్సిటివిటీ 85 డీబీ, అంటే సుమారు ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో వచ్చే శబ్దం అంత. పైగా పేరుకి 8 ఓమ్‌ల స్పీకరే గానీ కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 3.5 ఓమ్‌లకి దిగిపోతుంది, అక్కడ ఆంప్ నుంచి కరెంటు బాగా లాగుతుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డీబీ మాత్రమే, కాబట్టి 80 వాట్ల ఆంప్‌కీ 100 వాట్ల ఆంప్‌కీ మధ్య తేడా చెవికి ఆనదు. కొనేముందు చూడాల్సింది 4 ఓమ్‌ల దగ్గర ఆంప్ ఎంత ఇస్తుందన్నది. యమహా 8 ఓమ్‌లకి 90, 4 ఓమ్‌లకి 150 ఇస్తుంది. బాలమురళి గారి కచేరీ పెడితే (మన బెజవాడ సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆయనే, కాబట్టి టెస్టింగ్‌కి ఇంకెవర్ని పెడతాం) డెనాన్ మీద వాల్యూమ్ పెంచేకొద్దీ మృదంగం ఎడమవైపు దెబ్బ పలచబడుతుంది, యమహా మీద ఆ గుమ్కీ నిండుగా అలాగే నిలబడుతుంది. నా చెవులకి తెలిసిన తేడా ఇది, మీరు షాపులో విని చూసుకోండి.

కనెక్షన్ కష్టమేం కాదు. డెనాన్ ఫ్రంట్ ప్రీ-అవుట్ (ముందు స్పీకర్ల సిగ్నల్‌ని బయటి ఆంప్‌కి పంపే సాకెట్లు) నుంచి యమహా వెనక ఉన్న మెయిన్ ఇన్‌కి (వాల్యూమ్ నాబ్‌ని దాటేసి నేరుగా పవర్ భాగానికి వెళ్లే సాకెట్లు) రెండు ఆర్‌సీఏ కేబుళ్లు, అంతే. సినిమా అప్పుడు యమహా సెలెక్టర్ మెయిన్ డైరెక్ట్‌కి తిప్పితే దాని వాల్యూమ్ పనిచేయదు, అంతా డెనాన్ రిమోటే. పాటలు యమహా మామూలు ఇన్‌పుట్‌కే తగిలిస్తాం కాబట్టి అప్పుడు డెనాన్ ఆన్ చేయక్కర్లేదు కూడా. కానీ ఫోనో, స్ట్రీమరో తీసుకెళ్లి ఆ మెయిన్ ఇన్‌కి గుచ్చారో, ఫుల్ వాల్యూమ్ ఒక్కసారిగా స్పీకర్ల మీద పడుతుంది, జాగ్రత్త. అసలు ఈ మెయిన్ ఇన్, లేదా అదే పని చేసే హోమ్ థియేటర్ బైపాస్ లేని ఆంప్ కొంటే, ప్రతి సినిమాకీ దాని వాల్యూమ్ నాబ్ మొదట స్పీకర్ల స్థాయిలు సెట్ చేసినప్పుడు పెట్టుకున్న గుర్తు దగ్గరికే తెచ్చుకోవాలి, లేకపోతే ముందు రెండు స్పీకర్లూ మిగతావాటితో కలవవు.

ఆడిసీ సెట్టింగ్ (డెనాన్ మైక్‌తో గదిలో శబ్దం కొలిచి స్పీకర్లని సర్దుకోవడం) మాత్రం మేలో పెట్టుకోకండి. మైక్ ఉన్నంతసేపూ ఫ్యానూ ఏసీ ఆపాలి, చెమటలు కారిపోతాయి. టైల్స్ ఫ్లోర్ ఉంటే ముందు ఒక మందపాటి కార్పెట్ పరిచి, తర్వాతే చేయండి, ఆ ప్రతిధ్వనిని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తీయలేదు.

సెంటర్ స్పీకర్ కూడా కేఈఎఫ్‌దే తీసుకోండి, గొంతు ఒకేలా ఉంటుంది. వెనక సరౌండ్‌లకి అంత పట్టింపు లేదు.

నెలకి రెండు సినిమాలు, మిగతా రోజులు పాటలు అనుకునేవాళ్లు ఇంకా చిన్న రిసీవర్‌తో సరిపెట్టి డబ్బు ఆంప్ మీద పెట్టండి, కాకపోతే దానికి ఫ్రంట్ ప్రీ-అవుట్ ఉందో లేదో వెనక ప్యానెల్ చూసి మరీ కొనండి, చవక మోడళ్లలో చాలావాటికి సబ్‌వూఫర్ అవుట్ ఒక్కటే ఉంటుంది. పాటలు అసలు వినని ఇంటికి యమహా దండగ, డెనాన్ ఒక్కటి చాలు.