అనంతపురంలో ఆక్టేవియా ట్యూనింగ్: 153 నుంచి 181 వరకు

అనంతపురం బైపాస్ పక్కన ఉన్న ఒక చిన్న వర్క్‌షాపులో మా స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐకి స్టేజ్ 1 రీమ్యాప్ (భాగాలేవీ మార్చకుండా, ఇంజిన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ ఫైలును మార్చి పవర్ పెంచడం) చేయించి ఏడు నెలలైంది. ఈలోగా బండి 9,000 కిలోమీటర్లు తిరిగింది. ట్యూనింగ్ మంచిచెడ్డలు మొదటి వారంలో తెలిసేవి కావు. కొత్త పికప్ మోజులో అప్పుడు అన్నీ బాగానే కనిపిస్తాయి కాబట్టి ఇన్నాళ్ళూ ఆగి ఇప్పుడు రాస్తున్నాను. వాళ్ళు చేసిన పని నిజంగా మెచ్చుకోదగ్గది. వాళ్ళు బోర్డు మీద రాసుకున్న అంకె మాత్రం నమ్మదగ్గది కాదు. ఈ రెండు మాటలూ ఒకే షాపు గురించి ఎందుకు చెప్పవలసి వస్తోందో వివరిస్తాను.

బండి 2018 మోడల్. నేను రెండో యజమానిని. కంపెనీ లెక్క ప్రకారం దాని పవర్ 180 పీఎస్ (హార్స్‌పవర్‌కు దగ్గరి కొలమానం), టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 250 న్యూటన్ మీటర్లు. ఇంజిన్‌కు అంతకంటే ఎక్కువ ఇచ్చే సత్తా ఉంది. కానీ దానికి జోడించిన ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు పొడి క్లచ్‌లతో గేర్లు తనే మార్చుకునే డీక్యూ200 గేర్‌బాక్స్, 250 న్యూటన్ మీటర్ల వరకు మోయడానికే తయారైంది. అందుకే 1,250 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) నుంచి 5,000 వరకు టార్క్ గీతను కంపెనీ బల్లపరుపుగా కోసేసి ఉంచింది. ట్యూనర్లు ముందుగా చేయిపెట్టేది ఆ గీత మీదే.

ఇంతకుముందు నా దగ్గరున్న పోలో జీటీకి వేరే ఊళ్ళో ఒకచోట రీమ్యాప్ చేయించాను. అరగంటలో ఫైలు ఎక్కించి, రంగుల గ్రాఫ్ ఉన్న కాగితం ఒకటి చేతికిచ్చి పంపారు. ఇంటికొచ్చి చూస్తే ఆ కాగితం మీది తేదీ నేను ఆ షాపు గడప తొక్కడానికి నాలుగు నెలల ముందుది. ఎవరి బండి గ్రాఫో నాకిచ్చారు. ఆ అనుభవం వల్లే ఈసారి నేను అడిగిన మొదటి ప్రశ్న ఎంత పెరుగుతుందని కాదు, ఎలా కొలుస్తారని. కొలవకుండా ఫైలు ఎక్కించబోమనీ, డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పించి పవర్ కొలిచే యంత్రం) తమ దగ్గర లేదు కాబట్టి బెంగళూరు తీసుకెళ్ళి, ఫైలు ఎక్కించక ముందూ తరువాతా అదే రోజు, అదే రోలర్ల మీద కొలిపిస్తామనీ ఈ అనంతపురం షాపు కుర్రవాడు చెప్పాడు. నేను ఒప్పుకున్నది ఆ ఒక్క మాటకే.

అయితే దానికి ముందే బండిని పరీక్షించడానికి వాళ్ళు పూర్తిగా ఒక పూట తీసుకున్నారు. పాత స్పార్క్ ప్లగ్గులు తీయించారు, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) పైపుల్లో గాలి ఎక్కడైనా లీకవుతోందేమోనని పొగ పెట్టి చూశారు, ల్యాప్‌టాప్ తగిలించి గుత్తి రోడ్డు మీద నన్నే నడపమని ఇంజిన్ అంకెల రికార్డు (లాగ్) తీశారు. ఒక గొట్టం క్లిప్పు దగ్గర సన్నగా పొగ బయటికి వచ్చింది. ఆ క్లిప్పు ఖరీదు పెద్దదేమీ కాదు గానీ, దాన్ని అలాగే వదిలేసి ఉంటే ముందు కొలతే తప్పుగా వచ్చేది. ఆ తరువాత వచ్చిన పెరుగుదలలో కొంత క్లిప్పు పుణ్యమే అయినా అంతా ట్యూనింగ్ ఖాతాలో పడేది.

బెంగళూరుకు తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. ముందు చక్రాలను రోలర్ల మీదికి ఎక్కించి, బండిని నేలకు బెల్టులతో బిగించి, బానెట్ ఎత్తి ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టారు. నాలుగో గేర్లో లాక్ చేసి, తక్కువ ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కి పైదాకా లాగడం ఒక రన్. స్టాక్ మ్యాప్ (కంపెనీ ఇచ్చిన అసలు ఫైలు) మీద మూడు రన్‌లు: చక్రాల దగ్గర 152, 154, 153 పీఎస్. మూడూ దగ్గరదగ్గరగా ఉండటం చూశాకే నాకు ఆ యంత్రం మీద నమ్మకం కుదిరింది. టార్క్ 216 న్యూటన్ మీటర్లు. కంపెనీ చెప్పేది ఇంజిన్ దగ్గరి పవర్. గేర్‌బాక్స్, యాక్సిళ్ళు, టైర్లు కలిసి అందులో కొంత తినేస్తాయి కాబట్టి రోలర్ మీద 153 అంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టే.

కొత్త ఫైలు ఎక్కించాక మొదటి రన్ 186, రెండోది 183, మూడోది 177. అందరం 186 చూసి సంబరపడుతుంటే ఆ కుర్రవాడు మాత్రం ల్యాప్‌టాప్ వదల్లేదు. ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి ఉష్ణోగ్రత మొదటి రన్‌లో 41 డిగ్రీలు, మూడో రన్‌కు 58. మూడో సిలిండర్ వరుసలో ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) నాలుగున్నర డిగ్రీలు వెనక్కి లాగినట్టు ఎర్రటి అంకెలు కనిపిస్తున్నాయి. పెట్రోలు అదుపు తప్పి మండే చప్పుడును (నాక్) సెన్సర్ పసిగట్టిన ప్రతిసారీ ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఇంజిన్‌ను కాపాడుకోవడానికి అలా నిప్పును ఆలస్యం చేస్తుంది. పవర్ తగ్గేది అక్కడే. అతను ఆ గడిని వేలితో చూపించి, "అన్నా, ఇక్కడ ఇట్లుంటే మే నెలలో మన ఊర్లో ఎట్లుంటాదో ఆలోచించు. టైమింగ్ కొంచెం తగ్గిస్తాను. నంబరు తగ్గుతాది గానీ బండి నిలబడతాది" అన్నాడు. సరేనన్నాను. మార్చిన మ్యాప్ మీద మళ్ళీ మూడు రన్‌లు: 181, 181, 180. కస్టమర్ ఎదురుగా, డబ్బులు చేతికి రాకముందే, తన చేతులతో తన అంకెను తగ్గించుకున్న ట్యూనర్‌ను నేను అంతవరకు చూడలేదు. ఈ షాపుకు నేనిచ్చే మార్కుల్లో ఎక్కువ భాగం ఆ పది నిమిషాలకే.

ఇక బోర్డు సంగతి. బిల్లుతో పాటు ఇచ్చిన కాగితంలో చివరి అంకె 236 పీఎస్ అని ఉంది; షాపు ముందున్న ఫ్లెక్సీ మీద కూడా 1.8 టీఎస్‌ఐకి అదే అంకె. 181 కాస్తా 236 ఎలా అయిందో ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పలుచన. ఆ తేడాను సరిచేయడానికి డైనో సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌ఏఈ (వాహన ఇంజినీర్ల సంస్థ) దిద్దుబాటు అనేది ఉంటుంది. కొలిచిన పవర్‌ను 25 డిగ్రీల వేడి, 990 మిల్లీబార్ల పొడిగాలి ఒత్తిడి ఉన్న పరిస్థితికి అది మార్చి చూపిస్తుంది. ఆ రోజు అది కలిపింది 11 శాతం. 181కి 11 శాతం కలిపితే 201. దాన్ని చక్రాల నుంచి ఇంజిన్‌కు మార్చడానికి 15 శాతం నష్టం లెక్కగట్టి 0.85తో భాగిస్తే 236.

టర్బో లేని ఇంజిన్‌కు ఆ దిద్దుబాటు న్యాయమే. ఎత్తు ప్రదేశంలో దానికి దొరికే గాలి నిజంగానే తక్కువ. మా బండి టర్బో అలా కాదు. పలుచని గాలిలో ఇంకాస్త వేగంగా తిరిగి, ఈసీయూ అడిగిన ఒత్తిడిని దాదాపుగా అందించేస్తుంది. పోగొట్టుకోని పవర్‌ను తిరిగి కలపడం వల్ల లెక్క ఉబ్బుతుంది. ఇది నా ఊహ కాదనడానికి రుజువు అదే కాగితంలో ఉంది. స్టాక్ అంకె 153కు కూడా ఇదే దిద్దుబాటు, ఇదే నష్టం వర్తింపజేస్తే 200 వస్తుంది. కంపెనీయే 180 అని చెప్పిన బండి అది. దిద్దుబాటు తీసేసి 153ను 0.85తో భాగించి చూడండి, సరిగ్గా 180 వస్తుంది. ఆ లెక్కన మా బండి ఇప్పుడు ఇంజిన్ దగ్గర 213. ఫ్లెక్సీలో కంపెనీ 180 పక్కన తమ 236 పెట్టి 56 పెరిగిందని చూపించారు. ఒకటి దిద్దని అంకె, ఇంకొకటి దిద్దిన అంకె. నిజంగా చక్రాల దగ్గర పెరిగింది 28.

ఈ 28 చిన్నదని ఎవరూ అనుకోకూడదు. గరిష్ఠ పవర్ 5,500 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. అక్కడికి మనం రోజూ వెళ్ళం. నేను గ్రాఫ్‌లో వెతికింది 3,000 దగ్గర. స్టాక్‌లో అక్కడ చక్రాల వద్ద 92 పీఎస్ ఉండేది, ఇప్పుడు 121. అంటే పైన 18 శాతమే పెరిగినా, మనం నిజంగా నడిపే చోట 31 శాతం పెరిగింది. తాడిపత్రి రోడ్డులో సిమెంటు లారీ వెనక, బండల లోడు వెనక కిలోమీటర్ల తరబడి నడిచినవారికి ఈ తేడా విలువ వేరే చెప్పనక్కరలేదు. 60 నుంచి 100 కిలోమీటర్ల వేగానికి స్టాక్‌లో 4.3 సెకన్లు పట్టేది, ఇప్పుడు 3.6. ఫోన్ జీపీఎస్ సెకనుకు ఒక్కసారే చూస్తుంది కాబట్టి దాన్ని నమ్మకుండా, సెకనుకు పదిసార్లు చదివే పరికరంతో, ఖాళీగా ఉన్న ఒకే రోడ్డు మీద ఇటూ అటూ కొలిచి సగటు తీశాను. కంటికి కనిపించని వాలు కూడా సెకనులో మూడో వంతు మార్చేస్తుంది. మొన్న నలుగురం, డిక్కీ నిండా సామాను, కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కాం. మలుపు తిరిగిన ప్రతిసారీ కింది గేరుకు దూకి అరిచే ఇంజిన్ ఈసారి ఉన్న గేరులోనే నెమ్మదిగా లాక్కుపోయింది.

గేర్‌బాక్స్ విషయంలో మాత్రం షాపు ఇంకా స్పష్టంగా చెప్పి ఉండవలసింది. టార్క్ చక్రాల దగ్గర 284కు చేరింది; ఇంజిన్ దగ్గర అది 330 దాటుతుంది. 250 హద్దున్న గేర్‌బాక్స్ మీద ఇది చిన్న విషయం కాదు. నేను అడిగాకే 2,000 ఆర్‌పీఎం లోపల టార్క్ మెల్లగా పెరిగేలా మార్చారు. ఇప్పటివరకు వణుకు లేదు, క్లచ్ జారడం లేదు. సప్తగిరి సర్కిల్ ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించకుండా, ముందు బండి కదిలి ఖాళీ వచ్చాకే నేను కదులుతున్నాను.

మొత్తం ఖర్చు రీమ్యాప్‌కు 42,000 రూపాయలు, డైనోకు 6,500. మ్యాప్ 95 ఆక్టేన్ పెట్రోలుకు రాసింది, కాబట్టి ఎక్స్‌పీ95 దొరికే బంకులోనే పోయిస్తున్నాను. హైవే మీద మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా లేదు. వారంటీ పోతుందని ముందే చెప్పారు గానీ, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గురించీ ఇన్సూరెన్స్ గురించీ ఒక్క మాట ఎత్తలేదు. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా చేసే మార్పుల మీద ఆ సెక్షన్ పెట్టిన ఆంక్ష తెలియకుండా ఎవరూ ఈ పనికి దిగకూడదు. అసలు స్టాక్ ఫైలు కాపీ ఇవ్వడానికి మూడు వారాలు తిప్పారు. అది డబ్బు కట్టిన రోజే ఇవ్వాలి.

పోయిన నెల ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే భాగం) గురించి అడగడానికి మళ్ళీ వెళ్ళాను. మే ఎండలో స్టాక్ ఇంటర్‌కూలర్‌తో ఒకసారి, కొత్తది వేశాక ఒకసారి, అదే డైనో మీద కొలుద్దామని అతనే అన్నాడు. దిద్దుబాటు లేని అంకెలతో, గాలి ఉష్ణోగ్రత కూడా పక్కనే ముద్రించి ఇస్తే అడ్వాన్స్ కడతానన్నాను. రసీదు వెనక ఆ మాట రాసి సంతకం పెట్టాడు. ఫ్లెక్సీ మీద మాత్రం ఆ రోజుకు కూడా 236 అనే ఉంది.